కంపెనీ ట్రైనింగ్ తర్వాత ఏ దారి? హైదరాబాద్ ఉద్యోగులకు ఒక పోలిక

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్ ఆఫీసుల్లో అప్రైజల్ మాటలు మొదలవుతాయి. "పని బాగానే చేస్తున్నావు, కానీ ఇంకా ఎదగాలి" అంటాడు మేనేజర్. ఏ విషయంలో ఎదగాలో చాలామంది చెప్పరు. ఆ రాత్రే ఫోన్‌లో ఏదో ఒక కోర్సుకు డబ్బు కట్టేస్తాం, లేదా శని, ఆదివారాల బ్యాచ్ ఉందేమో కనుక్కోవడానికి అమీర్‌పేట వెళ్తాం. రెండు నెలలు తిరిగేసరికి కోర్సు సగంలో ఆగిపోతుంది. "నాకు పట్టుదల లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

ట్రైనింగ్ విభాగంలో పనిచేస్తూ ఇలా ఆగిపోయినవాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడాను. వాళ్లలో పట్టుదల లేనివాళ్లు చాలా తక్కువ. ఉన్న లోటు ఒకటైతే, ఎంచుకున్న దారి ఇంకొకటి. అసలు చాలామందికి కావలసినంత సమాచారం ఇప్పటికే ఉంది. లేనిదల్లా, చేసిన పనిని దగ్గర కూర్చుని చూసి "ఇక్కడ ఇలా కాదు, అలా" అని చెప్పే మనిషి. అందుకే ఏ దారి గురించి అడిగినా నేను ముందు వేసే ప్రశ్న ఒకటే: అక్కడ మీ పనిని ఎవరు చూస్తారు? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న పట్టుకునే నడుస్తుంది.

ముందు లోటు ఏమిటో తేల్చుకోవాలి

ఉద్యోగంలో వెనకబడటానికి కారణాలు నాలుగు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది విషయం తెలియకపోవడం. టీమ్ అంతా పవర్ బీఐ అనే డేటా టూల్‌కు మారిపోయింది, మీకు ఎక్సెల్ తప్ప రాదు. రెండోది, తెలుసు కానీ చేతికి రాకపోవడం. క్లయింట్ కాల్‌లో ఏం చెప్పాలో ముందే రాసుకుని వెళ్తారు, అటువైపు నుంచి అనుకోని ప్రశ్న ఒకటి రాగానే నోరు పెగలదు. మూడోది, తప్పు ఎక్కడుందో కనపడకపోవడం. మీరు పంపిన రిపోర్టును మేనేజర్ ప్రతిసారీ తనే తిరగరాసి పైకి పంపిస్తాడు. ఎందుకో ఆయన చెప్పడు, మీరూ అడగరు. నాలుగోది అవకాశం రాకపోవడం. అన్నీ వచ్చు, కానీ మూడేళ్లుగా చేతికొచ్చేది అదే పని.

మొదటిదానికి కోర్సు పనిచేస్తుంది. రెండోదానికి, తప్పుపోయినా పరవాలేదనే చోట పదే పదే చేయాలి. మూడోదానికి మనిషి కావాలి. నాలుగోదానికి ఏ కోర్సూ మందు కాదు. మేనేజర్‌తో తేల్చుకోవాలి, లేదా టీమ్ మారాలి.

మీది ఏ రకమో తెలియకపోతే, గత ఆరు నెలల్లో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన రెండు సందర్భాలు గుర్తుచేసుకోండి. "ఆ రోజు చూసి తెలుసుకోవడానికి ఒక గంట టైమ్ ఇచ్చి ఉంటే గట్టెక్కేదాన్నా?" అని అడిగి చూడండి. అవుననిపిస్తే మీకు కావలసింది సమాచారమే. గంట కాదు, వారం ఇచ్చినా అదే జరిగేదనిపిస్తే కోర్సు జోలికి పోకండి.

హెచ్ఆర్ వాళ్ల స్లైడ్లలో 70-20-10 అనే లెక్క ఒకటి తరచూ కనిపిస్తుంది. నేర్చుకునేదాంట్లో 70 శాతం పనిలో, 20 శాతం తోటి మనుషుల దగ్గర, 10 శాతం క్లాసుల్లో అని. 1980ల్లో అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ పరిశోధకులు పై స్థాయి మేనేజర్లను "మీకు బాగా ఉపయోగపడింది ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే వచ్చిన జవాబుల్లోంచి పుట్టిందిది. అంటే వాళ్లు గుర్తుచేసుకుని చెప్పిన మాటలే తప్ప, ఎవరూ కొలిచిన కొలతలు కావు. అది చూపే దిక్కు సరైనదేనని నేనూ నమ్ముతాను. కానీ దీన్ని అడ్డం పెట్టుకుని "70 శాతం పనిలోనే వస్తుంది కదా" అని ట్రైనింగ్ బడ్జెట్ కోసేయడం అన్యాయం. పనిలో నేర్చుకోవడానికీ ఒకరి టైమ్ ఖర్చవుతుంది. ఆ టైమ్ ఇవ్వకుండా 70 శాతం దానంతటదే రాదు.

ఆన్‌లైన్ కోర్సా, అమీర్‌పేటా?

సమాచారమే లోటని తేలితే పోటీ ఈ రెండింటి మధ్యే.

ఆన్‌లైన్‌లో నేను ముందుగా చెప్పేది ఎన్‌పీటీఈఎల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. ఇప్పుడు కోర్సులు కేంద్ర ప్రభుత్వం నడిపే 'స్వయం' అనే ఆన్‌లైన్ వేదిక మీద నడుస్తున్నాయి. పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే కోర్సుకు వెయ్యి రూపాయల దరిదాపుల్లో పరీక్ష ఫీజు. 4, 8, 12 వారాల కోర్సులుంటాయి. ప్రతివారం అసైన్‌మెంట్‌కు గడువు ఉంటుంది, చివర్లో పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. తుది మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఆ గడువే పెద్ద మేలు.

ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చనే కోర్సుల సంగతి వేరు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపిన ఎడెక్స్ కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా పూర్తిచేసింది సుమారు 3 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో ఆ శాతం చాలా ఎక్కువే ఉంది. కాబట్టి సగంలో ఆగిపోయినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. ఏర్పాటే అలాంటిది. ఒంటరిగా కాకుండా ఆఫీసులో ఇంకొకరిని జతచేసుకుని, ఒకే వారం ఒకే పాఠం విని, శుక్రవారం లంచ్‌లో దాని గురించి మాట్లాడుకుంటే పూర్తయ్యే అవకాశం ఎంతో పెరుగుతుంది. ఇది నేను కళ్లారా చూసిన విషయం.

ఇక అమీర్‌పేట. మైత్రీవనం దగ్గర మెట్రో దిగితే తల ఎత్తిన చోటల్లా కోర్సుల బోర్డులే. జావా, డేటా సైన్స్, డెవాప్స్, శాప్, టెస్టింగ్. పిల్లలు హాస్టల్లో ఉండి, పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్ వింటారు. దాన్ని తక్కువచేసి మాట్లాడటం నాకు నచ్చదు. పెద్ద కాలేజీల్లో చదవని వేలమందిని ఐటీ ఉద్యోగాల్లో నిలబెట్టింది ఆ వీధులే. ఒక టూల్‌ను మొదటి నుంచి వరసగా చెప్పడంలో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పడంలో అక్కడి మంచి ట్రైనర్లకు సాటి లేదు. తెలుగులో డౌట్ అడిగితే తెలుగులోనే జవాబు చెప్తారు, ఇదీ చిన్న విషయం కాదు.

కానీ ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అక్కడ ఒక ఇబ్బంది ఉంది. బ్యాచ్ ఎక్కువగా ఫ్రెషర్ల కోసం నడుస్తుంది. మీకు తెలిసిన సగం మళ్లీ వినాలి, మీ ప్రాజెక్టులో వచ్చే చిక్కు గురించి అడిగే వీలు తక్కువ. అందుకే డెమో క్లాసు చూసి డబ్బు కట్టకండి. డెమో అందరికీ బాగానే ఉంటుంది. నడుస్తున్న బ్యాచ్‌లో మూడో వారం క్లాసుకు ఒకరోజు కూర్చోనిస్తారా అని అడగండి. అసైన్‌మెంట్లు ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అని అడగండి. "రియల్ టైమ్ ట్రైనర్" అని బోర్డు మీద ఉంటే, ఆయన ఇప్పుడు ఏ పని చేస్తున్నారో అడగండి. వీటికి తిన్నగా జవాబు చెప్పే చోట చేరండి.

సర్టిఫికెట్ల గురించి రెండు మాటలు. క్లౌడ్ సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది. అమెజాన్ ఏడబ్ల్యూఎస్‌వి మూడేళ్లు, మైక్రోసాఫ్ట్ రోల్ ఆధారిత (చేసే ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే) సర్టిఫికెట్లలో ఎక్కువ వాటికి ఏడాది. మైక్రోసాఫ్ట్‌వాటిని ఆ గడువు తీరేలోపే ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యువల్ చేసుకోవాలి. ఉద్యోగం మారే ముందు తీసుకుంటే ఉపయోగం, పెట్టెలో పెట్టుకోవడానికైతే దండగ. ప్రమోషన్‌కు డిగ్రీయే అడ్డంకి అయినవాళ్లు మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరాలి. 1982లో మొదలైన దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అది. వాళ్లకు డిగ్రీ చేసే పని ఇంకేదీ చేయదు.

పనిలోనే నేర్చుకోవడం

నా ఓటు దీనికే. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఒక సపోర్ట్ టీమ్‌లో జరిగిన సంగతి. రాత్రి దానంతటదే నడవాల్సిన పేమెంట్ల ప్రోగ్రామ్, అంటే వాళ్ల భాషలో జాబ్, ఫెయిలైంది. డ్యూటీలో ఉన్న అమ్మాయికి సర్వీసు తక్కువ. ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి వెతకడం, దొరికిన ప్రతి సలహా ప్రయత్నించడం, ఇలా గంట గడిచింది. టెన్షన్‌తో సీనియర్‌కు ఫోన్ చేసింది. ఆయన స్క్రీన్ షేర్ చేయమని, లాగ్ (సిస్టమ్ రాసుకునే రికార్డు) తెరవకుండానే ఒక మాట అడిగాడు: "నిన్న ఇదే జాబ్ నడిచింది కదమ్మా. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది?" ఆ వారం చేసిన మార్పుల లిస్టు తెరిపించాడు. అందులో ఒక డేటాబేస్ పాస్‌వర్డ్ గడువు తీరి మార్చినట్టు ఉంది. ఈ జాబ్ ఇంకా పాత పాస్‌వర్డే వాడుతోంది. పది నిమిషాల్లో పని మళ్లీ మొదలైంది. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో ఒక లైను రాసుకుంది: "ముందు ఏం మారిందో చూడు, తర్వాత లాగ్ చూడు."

ఆ ఒక్క లైను ఆ టీమ్ ట్రైనింగ్ డాక్యుమెంట్‌లో ఎక్కడా లేదు. ఎందుకు లేదంటే, అది చెప్పాల్సిన విషయమని ఆ సీనియర్‌కే తోచలేదు. ఆయనకు అది అలవాటైపోయింది. పనిలో ఆరితేరినవాళ్ల దగ్గర ఉండే విద్యలో చాలా భాగం ఇలాంటిదే. అడిగితే చెప్పలేరు, పక్కన కూర్చుంటే కనిపిస్తుంది.

1980ల్లో జూలియన్ ఆర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు జిరాక్స్ కంపెనీలో మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి ఇదే గమనించాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ వాళ్ల చేతిలో ఉన్నా, చిక్కు మెషీన్ల సంగతి వాళ్లు నేర్చుకునేది భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకునే అనుభవాల నుంచి. తర్వాత ఆ కంపెనీ టెక్నీషియన్ల చిట్కాలను అందరికీ అందించడానికి యురేకా అనే వ్యవస్థే పెట్టుకుంది. మన ఆఫీసుల్లో ఆ పని మాదాపూర్ టీ కొట్టు దగ్గర జరుగుతుంది. ఇంటి నుంచి పనిచేసే రోజులు ఎక్కువైనప్పుడు కొత్తవాళ్లు పోగొట్టుకున్నది ఇదే. వారంలో రెండు రోజులే ఆఫీసుకు రావాలన్న పద్ధతి ఉంటే, ట్రాఫిక్ తక్కువ ఉండే రోజు కాకుండా మీ టీమ్‌లో పని బాగా తెలిసినవాళ్లు వచ్చే రోజు ఎంచుకోండి.

ఐటీలోనే కాదు. జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు షిఫ్ట్ మారే సమయమే బడి. దిగిపోయే ఆపరేటర్ రిజిస్టర్‌లో రాసేది రెండు లైన్లు, నోటితో చెప్పేది పది మాటలు. "ఆ పంపు సౌండ్ మారింది, ఒక కన్నేసి ఉంచు" అన్న మాట రిజిస్టర్‌లోకి ఎక్కదు. పావుగంట ముందొచ్చి ఆయన వెంట ఒక రౌండ్ తిరిగినవాళ్లకు ఆరు నెలల్లో వచ్చే పట్టు, మిగతావాళ్లకు ఏళ్లు పడుతుంది.

దీన్ని అడగడం ఎలా? "నాకు నేర్పించండి" అంటే ఎవరికైనా బరువుగా అనిపిస్తుంది. "సార్, ఈసారి ఇలాంటి ఇష్యూ వస్తే నన్నూ కాల్‌లో కలపండి, నేను మ్యూట్‌లో ఉండి వింటాను" అంటే కాదనేవాళ్లు అరుదు. పని అయ్యాక అదేరోజు పావుగంట కూర్చుని నాలుగు జవాబులు రాసుకోండి: ఏం జరగాలనుకున్నాం, నిజానికి ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, మళ్లీ అయితే ఏం చేస్తాం. అమెరికా సైన్యం 1970ల నుంచి యుద్ధ విన్యాసాల తర్వాత వాడుతున్న పద్ధతి ఇది. రాయకపోతే రెండు వారాల్లో మరిచిపోతాం.

ఇక్కడొక హెచ్చరిక గట్టిగా చేయాలి. "నీకు మంచి లెర్నింగ్ అవుతుంది" అంటూ రెండో మనిషి పని కూడా మీ నెత్తిన పెట్టే మేనేజర్లు ఉంటారు. కొత్త బాధ్యత నేర్పేదా, మోసేదా అని తేల్చడానికి మూడు విషయాలు చూడండి. దానికి ముగింపు తేదీ ఉందా? మీరు చేసింది చూసి చెప్పే మనిషి ఫలానా అని పేరు తెలుసా? దాని బదులు మీ మీద నుంచి ఏదైనా పని తీసేశారా? మూడింటిలో ఒక్కటీ లేకపోతే అది అదనపు పని మాత్రమే. ఒప్పుకోవాల్సి వస్తే ఒప్పుకోండి, కానీ చదువని మాత్రం అనుకోకండి.

ఈ దారికి ఇంకో పరిమితి కూడా ఉంది. మీ కంపెనీ అలవాట్లే మీకు వస్తాయి. టీమ్ అంతా పదేళ్ల నాటి పద్ధతిలో పనిచేస్తుంటే పక్కన కూర్చున్నా ఆ పాత పద్ధతే వస్తుంది. అప్పుడు బయటికి వెళ్లాల్సిందే.

గురువా, తోటివాళ్లా?

చాలా కంపెనీల్లో మెంటారింగ్ ప్రోగ్రామ్ అని ఒకటి పెట్టి, ఒక పెద్దాయనను జతచేస్తారు. మొదటి మీటింగ్‌లో పరిచయాలు, రెండోదాంట్లో "కెరీర్ గోల్స్ ఏమిటి?", మూడోది వాయిదా. చేతిలో పని లేకుండా కలిస్తే ఇంతే. మీ దగ్గర ఒక రిపోర్టో, డిజైనో, రాయాల్సిన మెయిలో ఉన్నప్పుడు వెళ్లండి. "మేడమ్, రెండు పేజీలే. ఎక్కడ తేలిపోతుందో చెప్తారా?" అనండి. ఆ రెండు పేజీల మీద గీసిన గీతలు ఏడాది పాటు పనికొస్తాయి. ఆఫీసులో "అన్నా" అని పిలిచే చనువున్న సీనియర్, అంటే మీకంటే నాలుగైదేళ్లు ముందున్నవారు, తరచుగా పెద్ద హోదావాళ్లకంటే మంచి గురువులు. మీరు ఇప్పుడు పడుతున్న తిప్పలు వాళ్లకింకా గుర్తుంటాయి.

అలాంటివాళ్లు దొరక్కపోతే తోటివాళ్లతో ఒక చిన్న సర్కిల్ మొదలుపెట్టండి. నలుగురు నుంచి ఆరుగురు. పదిహేను రోజులకోసారి, లంచ్ టైమ్‌లో ఒక మీటింగ్ రూమ్. ఒక్కరు తమకు తెగని సమస్య ఒకటి చెప్తారు. మిగతావాళ్లు మొదటి పది నిమిషాలు ప్రశ్నలే అడగాలి, సలహాలు చెప్పకూడదు. ఈ నియమం చిన్నదే కానీ అంతా దీని మీదే నిలబడుతుంది. సలహాలు ముందే మొదలైతే సమస్య చెప్పినవాళ్లు తమను తాము సమర్థించుకోవడంలో పడిపోతారు. ప్రశ్నలు అడిగితే వాళ్లంతట వాళ్లే సగం తేల్చుకుంటారు. మేనేజర్‌ను ఈ సర్కిల్‌లోకి పిలవకండి. ఎంత మంచి మనిషైనా, అప్రైజల్ రాసే మనిషి ముందు తెలియదని ఒప్పుకోవడం కష్టం.

బయటి సమూహాలకూ హైదరాబాద్‌లో కొదవలేదు. పైతాన్ వాడేవాళ్లవి, గూగుల్ టెక్నాలజీల మీద పనిచేసేవాళ్లవి, టెస్టింగ్ వాళ్లవి, ఎక్కువగా శనివారాల్లో హైటెక్ సిటీ, గచ్చిబౌలి చుట్టుపక్కల జరుగుతుంటాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి ఉంటే స్వేచ్ఛ సంస్థ ఉంది. ఎలక్ట్రానిక్స్, మెకానికల్ వాళ్లకు, చేత్తో తయారుచేసి చూడాలనుకునేవాళ్లకు రాయదుర్గంలో టీ-హబ్ పక్కనే 2023లో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. నమూనాలు తయారుచేసుకోవడానికి మెషీన్లు ఉన్న చోటు అది. మీటప్‌కు వెళ్లి వెనక వరసలో కూర్చుని ప్రసంగం విని, ఫొటో దిగి వస్తే మాత్రం ఒరిగేదేమీ లేదు. మూడోసారి వెళ్లేనాటికి "నేనూ పది నిమిషాలు మాట్లాడతాను" అనండి. సిద్ధపడేటప్పుడు నేర్చుకునేదే ఎక్కువ.

నోరు పెగలనివాళ్లకు

మాట్లాడటం దగ్గర ఆగిపోయేవాళ్లు మన దగ్గర ఎక్కువ. తెలుగు మీడియంలో చదువుకుని, పని అద్భుతంగా చేసి, మీటింగ్‌లో మాత్రం మౌనంగా కూర్చునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాళ్ల ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి: స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్, హోటల్ హాల్లో రెండు రోజుల వ్యక్తిత్వ వికాస సెమినార్, టోస్ట్‌మాస్టర్స్ క్లబ్.

వాక్యం కట్టడమే రాకపోతే ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాలి, వేరే మార్గం లేదు. చిన్న బ్యాచ్ చూసుకోండి, ముప్పైమంది ఉన్న గదిలో మీ వంతు రాదు. సెమినార్లను మాత్రం నేను ఎవరికీ సిఫార్సు చేయను. ఆ రెండు రోజులు ఉత్సాహం పొంగుతుంది, అది నిజమే. సోమవారం ఆఫీసుకు వెళ్లాక మిమ్మల్ని గమనించేవాళ్లు, సరిదిద్దేవాళ్లు ఎవరూ ఉండరు. ఫీజు కూడా తక్కువేం కాదు.

వాక్యం వచ్చి ధైర్యం రానివాళ్లకు టోస్ట్‌మాస్టర్స్ మంచి చోటు. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఈ క్లబ్బులు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, కొన్ని పెద్ద కంపెనీల లోపలే నడుస్తాయి. అక్కడ మీటింగ్ ఎలా ఉంటుందంటే, ఒకరు సిద్ధపడి వచ్చి ఐదు నుంచి ఏడు నిమిషాలు మాట్లాడతారు. ఐదో నిమిషానికి ఆకుపచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు రంగు చూపిస్తారు. అయ్యాక ఇంకొకరు లేచి రెండు మూడు నిమిషాల్లో ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి అని అందరి ముందూ చెప్తారు. మరొకరు మీరు ఎన్నిసార్లు "ఆఁ", "సో", "యాక్చువల్లీ" అన్నారో లెక్కపెట్టి చదువుతారు. తర్వాత అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి, రెండు నిమిషాలు మాట్లాడే వంతు ఉంటుంది. క్లయింట్ అడిగే అనుకోని ప్రశ్నకు అంతకంటే మంచి సాధన నాకు తెలియదు. ఫీజు ఆరు నెలలకోసారి కడతారు. అతిథిగా ముందు రెండు మూడు క్లబ్బులకు వెళ్లి చూడండి. మొహమాటానికి పొగడ్తలే చెప్పే క్లబ్ వద్దు, మార్చుకోవాల్సింది మర్యాదగా చెప్పే క్లబ్‌లో చేరండి.

పుస్తకాలు, లైబ్రరీలు

చదవడం చౌకైన దారి, నెమ్మదైన దారి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో మొదలైంది. ఎంజీబీఎస్ మెట్రోలో దిగితే దగ్గరే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో నిండిపోయి ఉంటుంది. ఇంట్లో చదువు సాగనివాళ్లకు ఆ వాతావరణమే ఊపిరి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వృత్తి పుస్తకాలు సగం ధరకంటే తక్కువకు దొరుకుతాయి. కంప్యూటర్ పుస్తకాలైతే ముద్రించిన ఏడాది చూసి కొనండి.

చదివింది నిలవాలంటే ఒకటి చేయాలి. పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాయాలి. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత మాత్రం, గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. పసుపు పచ్చ పెన్నుతో లైన్లు గీసుకోవడం చదివినట్టు అనిపిస్తుందే తప్ప మిగలదు.

దూరం, ఇల్లు, డబ్బు

మన ఊళ్లో ఏ దారి ఎంచుకున్నా దూరం అడ్డొస్తుంది. ఎల్బీనగర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు ఉన్న మనిషి పనిరోజుల్లో సాయంత్రం బ్యాచ్ పెట్టుకుంటే మూడో వారానికే మానేస్తాడు. ఆఫీసుకీ ఇంటికీ మధ్య దారిలో లేని చోట దేంట్లోనూ చేరకండి. మెట్రోలో అమీర్‌పేట మీదుగా వచ్చిపోయేవాళ్లకు అక్కడి క్లాసు పరవాలేదు, వేరేవాళ్లకు శని, ఆదివారాలే. మెట్రోలో పాఠాలు వినొచ్చు, కానీ విన్నంత మాత్రాన చేతికి రాదు. సాధనకు వేరే టైమ్ ఉండాల్సిందే.

చిన్న పిల్లలున్న తల్లులకు ఈ సలహాల్లో చాలావరకు పనికిరావని నాకు తెలుసు. శనివారం మీటప్, సాయంత్రం క్లబ్ అంటే ఇంట్లో ఎవరో ఒకరు పిల్లల్ని చూసుకోవాలి. వాళ్లకు ఆఫీసు వేళల్లోనే జరిగేవి కావాలి: లంచ్ సర్కిల్, సీనియర్ కాల్ వినడం, పేజీల మీద గీతలు గీయించుకోవడం. కంపెనీలు నిజంగా ఆడవాళ్లు ఎదగాలనుకుంటే నేర్చుకునే పనిని ఐదు గంటల లోపలే పెట్టాలి.

డబ్బు విషయంలో, కట్టే ముందే కంపెనీ తిరిగిస్తుందేమో అడగండి. చాలాచోట్ల ఆ పాలసీ ఉంటుంది, ఎవరూ వాడరు. ఇస్తామంటే బాండ్ ఉందేమో, ఎన్నాళ్లో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో చదివాకే సంతకం పెట్టండి.

మేనేజర్‌కు ఏం రాయాలి

ఏ దారి తీసుకున్నా మేనేజర్‌కు ముందే చెప్పడం మంచిది, ముఖ్యంగా లోటు మూడో రకమో, నాలుగో రకమో అయినప్పుడు. "నాకు ట్రైనింగ్ కావాలి" అని రాస్తే ఏదో ఒక ఈ-లెర్నింగ్ లింక్ వస్తుంది. ఇలా రాసి చూడండి:

"సార్, నెలాఖరు రిపోర్టు నేను రాశాక మీరు మార్చాల్సి వస్తోంది. వచ్చే మూడు నెలలు, మీరు మార్చిన కాపీ నాకు కూడా పంపండి. తేడాలు నేనే రాసుకుని, నెలకోసారి పావుగంట మీతో కూర్చుంటాను. మూడో నెల రిపోర్టు మార్పులు లేకుండా వెళ్లాలని నా ప్రయత్నం. ఈ మూడు నెలలు డేటా ఎంట్రీ చెకింగ్ ఇంకొకరికి ఇవ్వగలరా?"

ఇందులో పని ఫలానా అని ఉంది, గడువు ఉంది, చూసే మనిషి ఉన్నాడు, తీసేయాల్సిన బరువూ ఉంది. మేనేజర్ ఒప్పుకుంటే మొదటి నెల రిపోర్టును, మూడో నెల రిపోర్టును పక్కపక్కన పెట్టి మీరే చూసుకోండి. ఎదిగారో లేదో ఏ సర్టిఫికెట్ కంటే స్పష్టంగా కనిపిస్తుంది. పావుగంట కూడా కుదరదంటే, అదే రిపోర్టు తీసుకుని పక్క టీమ్‌లోని అన్న దగ్గరికి వెళ్లండి. ఆరు నెలలు అడిగినా మీ పనిని చూసే మనిషి ఆ ఆఫీసులో ఒక్కరూ దొరకకపోతే, కోర్సుకు దాచిన డబ్బును అలాగే ఉంచి రెజ్యూమె బయటకు తీయండి. కొత్త చోట ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగే ముందే, మీ పనిని రివ్యూ చేసేది ఎవరో, ఎంత తరచుగా చేస్తారో అడగండి.